ఎకో క్లబ్ వల్ల పిల్లలకు ఏం వచ్చిందో ఎలా చూపించాలి?

టెక్కలి బయాలజీ టీచర్:
నమస్కారమండి. టెక్కలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. జాతీయ హరిత దళం (స్కూళ్లలో పర్యావరణ క్లబ్బులు నడిపే ప్రభుత్వ పథకం) కింద నడిచే ఎకో క్లబ్బూ నా నెత్తినే ఉంది. మా స్కూల్లో చదివి హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్లు కొందరు క్లబ్బుకి ఏడాదికి ముప్పై వేల చొప్పున మూడేళ్లు ఇస్తామన్నారు. "ఫలితం ఏమిటో కాగితం మీద చూపించండి మేడమ్" అన్నారు. అడగడంలో తప్పేం లేదు. నా దగ్గరున్నవి వనమహోత్సవం ఫోటోలు, వ్యాసరచన సర్టిఫికెట్లు, నాటిన మొక్కల లెక్క. బతికిన మొక్కలకి మా ఫారంలో గడే లేదు. ఏప్రిల్ ఆఖర్లో సెలవులిస్తే జూన్ దాకా నీళ్లు పోసే దిక్కుండదు మరి.

ఇంకో సంగతి. తేలినీలాపురం మాకు దగ్గరే. అక్కడికొచ్చే పక్షులు ఎక్కడివని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో "సైబీరియా" అంటుంది. ఇంట్లో పెద్దవాళ్లదీ అదే మాట. ఆ పెలికాన్లు (గూడబాతులు), పెయింటెడ్ స్టార్కులు (ఒక రకం కొంగలు) మన దేశంలోనే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి, అదీ ఊళ్లో చెట్ల మీదే. అయినా పరీక్షలో సైబీరియా అని రాసిన పిల్లకి ఎవరో ఒకరు మార్కు వేసేస్తారు. ఇక మార్కులతో ఏం తెలుస్తుంది? ఏం కొలవాలి, డబ్బు దేనికి పెట్టాలి?

గోదారి గట్టు:
బ్యానర్ మీద దాతల పేర్లు పెద్దక్షరాల్లో రాయించి ఫోటో పంపండి మేడమ్. వాళ్లకి అంతకంటే అక్కర్లేదు.

రిటైర్డ్ మాస్టారు, గుంటూరు:
పైన చెప్పిన చిట్కా మొదటి ఏడాదికి పనిచేస్తుందమ్మా, రెండో ఏడాదికి ఫోన్ ఎత్తరు.

నేను ఉద్యోగంలో ఉండగా పిల్లల్ని ఉప్పలపాడు చెరువుకి తీసుకెళ్లేవాణ్ణి. అక్కడా ఇవే పక్షులు, అక్కడా ఇదే సైబీరియా కథ. మీరు సెప్టెంబర్లో, పక్షులు రావడం మొదలయ్యేటప్పుడే, రెండు ప్రశ్నలు రాయించండి: ఈ పక్షి ఎక్కడ పుట్టింది? నీకెలా తెలుసు? మళ్లీ మార్చిలో అవే ప్రశ్నలు. నాకు రెండో ప్రశ్నే ముఖ్యం. "మా తాత చెప్పాడు" అన్న పిల్లాడు "గూట్లో పిల్లల్ని చూశాను" అని రాస్తే వాడికి ఏదో వచ్చినట్టే. క్లబ్బులో లేని సెక్షన్ చేత కూడా రాయించండి. లేకపోతే అది మీ క్లబ్ వల్ల వచ్చిందో, పాఠం వల్ల వచ్చిందో తేలదు. వచ్చే ఏడాది ఆ సెక్షన్‌నీ తీసుకెళ్లండి, పాపం.

1977లో జార్జియాలోని టిబిలిసిలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో పర్యావరణ విద్యకి ఎరుక, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, పాల్గొనడం అని లక్ష్యాలు పెట్టుకున్నారు. మన క్విజ్‌లు, వ్యాసాలు మొదటి రెండూ దాటవు. "ఇంట్లో ప్లాస్టిక్ మానేశావా?" అని మాత్రం అడగొద్దు. అందరూ మానేశామనే రాస్తారు. దానికంటే మధ్యాహ్న భోజనంలో పారేసిన అన్నం ఓ వారం పిల్లల చేతే తూకం వేయించండి, మూడు నెలలాగి మళ్లీ వేయించండి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ల గ్రీన్ స్కూల్స్ కార్యక్రమంలో గాలి, ఇంధనం, ఆహారం, భూమి, నీరు, చెత్త లెక్కలు పిల్లలే తీస్తారు. ఆరూ ఎత్తుకుంటే మీకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒకటి రెండు చాలు.

సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధుల) ఫైళ్లు చూసే అమ్మాయి:
టీషర్టులు, టోపీలు, షీల్డులు వద్దు మేడమ్. ఆటో కిరాయి, రెండు బైనాక్యులర్లు, నోటుపుస్తకాలు, వేసవిలో మొక్కలకి నీళ్లు పోసేవాళ్లకి కూలి, వీటికి పెట్టండి. ఆ చివరిదానికి డబ్బివ్వడానికి దాతలు మొహం చిట్లిస్తారు, ఫోటోకి పనికిరాదు కదా. సెప్టెంబర్లో ఎంతమంది సైబీరియా అని రాశారో ఆ లెక్కని దాచకుండా పంపేయండి, మార్చి లెక్కని దానితో పోల్చి చూసుకుంటారు. మొదటి ఏడాది లెక్క బాగోలేదని డబ్బు ఆపబోమని ముందే రాయించుకోండి. ఆ మాట లేకపోతే ఏ స్కూల్ నుంచైనా లెక్కలు బ్రహ్మాండంగానే వస్తాయి, నేను చూస్తూనే ఉన్నాను.

టెక్కలి బయాలజీ టీచర్:
థాంక్సండీ. పదో తరగతి వాళ్లకి స్పెషల్ క్లాసులు మొదలైతే ఊపిరాడదు కాబట్టి ఏడు, ఎనిమిది తరగతులతో చేస్తాను. వారం వారం తీసుకెళ్లడం అయ్యే పని కాదు మాస్టారూ. తేలినీలాపురం నుంచే మా స్కూలుకొచ్చే పిల్లలున్నారు, గూళ్ల లెక్క వాళ్లకి అప్పగిస్తే?

రిటైర్డ్ మాస్టారు, గుంటూరు:
భేషుగ్గా చేస్తారు. తలో చెట్టు ఇచ్చి, ఆదివారం ఆదివారం లెక్క రాయమనండి. మిగతావాళ్లని రెండుసార్లు తీసుకెళ్తే చాలు, ఒకటి ఫిబ్రవరిలో పెట్టుకోండి. అప్పుడు ప్రపంచమంతా పక్షుల్ని లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ నాలుగు రోజులు జరుగుతుంది, మీ పిల్లల లెక్క పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లోకి ఎక్కించవచ్చు. చెట్ల కింద గోల చేయనివ్వకండి. పెద్ద పక్షులు బెదిరి లేచాయంటే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.