అప్‌డేట్: ఇంగ్లిష్ మాటల కింద ఎర్రగీతలు పోయాయి

మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ సావనీర్‌కు ఇన్‌డిజైన్ అనే పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు పెడుతున్నా, తెలుగు మధ్యలో ఇంగ్లిష్ మాట వస్తే చాలు స్పెల్‌చెక్ ఎర్రగీత పడుతోందని అడిగాను కదా. తేలింది, తప్పు నాదే.

భాషను ఫైలు మొత్తానికి ఒకేసారి పెట్టాలనుకున్నా. కానీ ఇందులో భాష ఫాంట్ సైజులాగే అక్షరాలను అంటిపెట్టుకొని ఉంటుంది. అందుకే పేరాగ్రాఫ్ స్టైల్‌లో (పేరా మొత్తానికి పడే సెట్టింగులు) తెలుగు పెట్టి, ఇంగ్లిష్‌కు వేరే క్యారెక్టర్ స్టైల్ (కొన్ని అక్షరాలకే పడే సెట్టింగులు) చేశాను. ఒక్కో మాటా సెలెక్ట్ చేస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. కాబట్టి ఇంగ్లిష్ ఏ నుంచి జెడ్ దాకా ఏ అక్షరం కనిపించినా ఆ స్టైల్ దానంతటదే పడేలా గ్రెప్ స్టైల్ రాశాను. 64 పేజీలు, టీ చల్లారేలోపు అయిపోయింది! "గ్రెప్ చూడు తమ్ముడూ" అన్న అన్నకు ఒక ఇరానీ చాయ్ బాకీ.

సావనీర్‌లో ఉర్దూ సందేశం ఒకటుంది. నా సిస్టమ్‌లో ఉర్దూ డిక్షనరీ లేదు. ఆ పేరాకు 'నో లాంగ్వేజ్' పెడితే స్పెల్‌చెక్ దాన్ని వదిలేసింది. ఉర్దూ సార్ ప్రింటవుట్ మీద పెన్నుతో దిద్దిచ్చారు.

ఊర్ల పేర్లకూ ఎర్రగీత పడుతోంది కాబట్టి వాటిని యూజర్ డిక్షనరీలో వేస్తున్నా. 'జడ్చర్ల' నేర్పాను, సరే అంది. 'జడ్చర్లలో', 'జడ్చర్లకు' మాత్రం మళ్లీ తప్పేనట. అవీ ఒక్కొక్కటిగా ఎక్కిస్తున్నా.