హెర్పిస్ సోకిందేమోనన్న అనుమానం: పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి?

ప్రశ్న: కర్నూలు వాసి

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. దాదాపు మూడు వారాల క్రితం, పరిచయమున్న ఒకామెతో కండోమ్ లేకుండా కలిశాను. తనకు అప్పుడప్పుడు పెదవి మీద నీటిపొక్కులు వస్తుంటాయని ఆ తర్వాత ఆమె మాటల్లో చెప్పినప్పటి నుంచి, ఆ పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్ నాకూ సోకిందేమోనని నిద్ర పట్టడం లేదు. ఇప్పటిదాకా పొక్కు గానీ పుండు గానీ రాలేదు. గజ్జల్లో కొంచెం దురద ఉంది కానీ, అది ఈ ఎండలకు పట్టిన చెమట వల్లనో, దీనివల్లనో అర్థం కావడం లేదు. ఒక ల్యాబులో అడిగితే హెర్పిస్ ఐజీఎం అనే రక్తపరీక్ష చేసి సాయంత్రానికల్లా రిపోర్టు చేతికిస్తామన్నారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. వెంటనే చేయించుకోమంటారా, ఆగమంటారా?

జవాబు: ల్యాబ్ టెక్నీషియన్, కడప

ఐజీఎంకు డబ్బు పెట్టకండి. కొత్తగా సోకినప్పుడే కాక, పాత ఇన్ఫెక్షన్ తిరగబెట్టినప్పుడు కూడా ఐజీఎం కనిపించవచ్చు. అసలు హెర్పిస్ లేనివారికీ పాజిటివ్ రావచ్చు. హెర్పిస్ వైరస్‌లోని రెండు రకాలను, అంటే ఎక్కువగా నోటి దగ్గర వచ్చే టైప్ 1ను, జననాంగాల దగ్గర వచ్చే టైప్ 2ను, అది నమ్మకంగా విడదీసి చెప్పలేదు. గర్భిణులకు రాసే టార్చ్ పరీక్షల్లో భాగం కావడంతో ప్రతి ల్యాబులోనూ దొరుకుతుందే తప్ప, మీ అనుమానం తీర్చడానికి అది పనికిరాదు.

రక్తంలో చూడవలసింది టైపులను విడిగా చెప్పే ఐజీజీ, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీల పరీక్ష. అయితే ఒంట్లో ఆ యాంటీబాడీలు తయారు కావడానికి వారాలు పడుతుంది కనుక, కలిసిన రోజు నుంచి 12 వారాలు నిండాక చేయించుకుంటేనే నెగెటివ్‌ను నమ్మవచ్చు. ఇప్పుడే చేయిస్తే వచ్చే పాజిటివ్ చాలావరకు పాత ఇన్ఫెక్షన్‌దే అయి ఉంటుంది. రిపోర్టులో పాజిటివ్ అన్న మాట ఒక్కటే చూడకుండా పక్కనున్న ఇండెక్స్ అంకె (యాంటీబాడీల స్థాయిని సూచించేది) కూడా చూడండి. టైప్ 2కు అది 1.1 దాటి 3 లోపు ఉంటే తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి మరో పద్ధతిలో నిర్ధారించుకోవాలి. టైప్ 1 పాజిటివ్ వస్తే కంగారు పడకండి. ప్రపంచంలో 50 ఏళ్లలోపు వారిలో సుమారు 64 శాతం మందికి అది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పైగా అది నోటి దగ్గర ఉందో, కింద ఉందో రక్తపరీక్ష చెప్పలేదు.

జవాబు: చర్మ, సుఖవ్యాధుల వైద్యురాలు, అనంతపురం

పై సోదరుడు చెప్పింది సరైనదే. ఆమెకు పెదవి మీద వచ్చేది సాధారణంగా టైప్ 1. అది కింది భాగానికి సోకాలంటే నోటి స్పర్శ జరిగి ఉండాలి. అది జరగకపోతే, మీరు భయపడుతున్న ఆ పొక్కుల వల్ల జననాంగాలకు వచ్చే ప్రమాదం దాదాపు లేనట్టే.

హెర్పిస్ సోకితే లక్షణాలు సాధారణంగా 2 నుంచి 12 రోజుల్లో బయటపడతాయి. మంటతో కూడిన చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి, పగిలి, పుండ్లవుతాయి. కొందరికి జ్వరం, గజ్జల్లో బిళ్లలు కూడా వస్తాయి. మూడు వారాలు గడిచినా ఏమీ లేకపోవడం మంచి సూచనే గానీ పూర్తి హామీ కాదు, ఎందుకంటే చాలామందికి లక్షణాలే కనిపించవు. ఒకవేళ పొక్కు లేస్తే, ఆయింట్‌మెంటు ఏదీ పూయకుండా, ఎండిపోకముందే, వీలైతే 48 గంటల్లోపు మీ ఊరి పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. పుండు అడుగు నుంచి స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీసి, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్‌ను మించిన పరీక్ష దీనికి లేదు.

దురద మాత్రమే ఉంటే అది తామర కావచ్చు. మా ఓపీలో ఈ కాలంలో రోజూ చూసేది అదే. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము తెచ్చి పూస్తే అది మరింత ముదురుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు చూసి అక్కి అంటే, జాజు పూయించుకోవడానికి వెళ్లకండి. అక్కి వేరే వైరస్ వల్ల వచ్చేది.

నాకు ఆశ్చర్యం కలిగించేది, మీరు హెర్పిస్ గురించి తప్ప మరి దేని గురించీ అడగకపోవడం. కండోమ్ లేకుండా కలిసినవారు ముందుగా చూపించుకోవలసింది హెచ్ఐవీ, సిఫిలిస్‌లకు. సిఫిలిస్ పుండు నొప్పి పెట్టదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (సలహా, పరీక్షల కేంద్రం) హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఇప్పుడొకసారి, మూడు నెలలు నిండాక మరొకసారి చేయించుకోండి. అప్పటిదాకా ఎవరితో కలిసినా కండోమ్ తప్పనిసరి.

ప్రశ్న: కర్నూలు వాసి

చాలా కృతజ్ఞతలు మేడం. నోటి స్పర్శ జరిగింది, కనుక 12 వారాలు ఆగి ఐజీజీ చేయిస్తాను. ఐసీటీసీకి సోమవారమే వెళ్తాను. మా ఇంట్లో అమ్మ అందరి బట్టలూ కలిపే ఉతుకుతుంది, తువ్వాలు కూడా ఒక్కోసారి ఒకటే వాడుతాము. వాళ్లకేమైనా ప్రమాదమా? పాజిటివ్ వస్తే పెళ్లి మానుకోవలసిందేనా?

జవాబు: కర్నూలు జిల్లా నుంచి మరొకరు

తమ్ముడూ, బట్టల వల్ల గానీ, బాత్రూము వల్ల గానీ ఇది అంటదు. ఒంటి బయట ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు. చర్మానికి చర్మం తగిలితేనే సోకుతుంది. నాకు టైప్ 2 ఉంది, పెళ్లయింది, పిల్లలున్నారు. సంబంధం ఖాయం కాకముందే అమ్మాయితో విడిగా మాట్లాడి చెప్పాను. మొదట్లో తరచుగా తిరగబెట్టేది, ఇప్పుడు ఎప్పుడో ఒకసారి. డాక్టరు రాసిన వాలసైక్లోవిర్ అనే వైరస్‌ను అణిచే మాత్ర రోజూ వేసుకుంటే భాగస్వామికి సోకే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుంది, పుండు ఉన్న రోజుల్లో దూరంగా ఉంటాము. గర్భం నిలిచాక మాత్రం కాన్పు డాక్టరుకు దాచకూడదు. ఆఖరి నెలల్లో తల్లికి కొత్తగా సోకితే బిడ్డకు ప్రాణాపాయం.