పైరసీ సైట్లు ఆపే బాధ్యత నెట్ కనెక్షన్ ఇచ్చేటోళ్ల మీద పెట్టాల్నా, వద్దా?

గద్వాల_బాల్కనీ

పెట్టాలె. గడువు రాసి, వినకపోతే జరిమానాతోని పెట్టాలె. ఎందుకో లెక్కతోని చెప్త.

బొమ్మకు పైసలొచ్చేది శుక్ర, శని, ఆదివారాలే. ఆ మూడు రోజులు హాలు నిండకపోతే సోమవారం నుంచి వచ్చే కలెక్షన్ కరెంటు బిల్లుకు, జీతాలకు కూడ సరిపోదు. 2023ల సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించిండ్రు. ఆ నవంబర్ల సెన్సార్ బోర్డుల, సమాచార ప్రసార శాఖల కలిపి పైరసీ ఫిర్యాదులు చూసే 12 మంది నోడల్ అధికారులను పెట్టిండ్రు. ఫిర్యాదు ఇస్తే 48 గంటల్ల ఆ లింకు తీపియ్యాలె. మంచి పనే. కానీ గడియారం చూడుండ్రి. శుక్రవారం పొద్దుగాల షోల ఎవడో ఫోన్ పట్టి తీస్తడు. సాయంత్రానికి సైటుల వస్తది. రాత్రి ఫిర్యాదు పోతది. 48 గంటలంటే ఆదివారం రాత్రి. అప్పటికి మా హాలోళ్ల వారం అయిపోయింది.

ఇటలీల 2024 నుంచి పైరసీ షీల్డ్ అని నడుస్తున్నది. ఫిర్యాదు వచ్చిన 30 నిమిషాల్ల నెట్ కంపెనీలు ఆపాల్సిందే. అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు?

సాగర్_ఎడమకాల్వ

30 నిమిషాలు కరెక్ట్. పూర్తి మద్దతు.

మిర్యాలగూడ_ఓఎల్టీ

ఆపుమని చెప్పే ముందు, ఆపుడు ఎట్లనో తెలుసుకోవాలె అన్న. చిన్న ప్రాంతానికి ఇచ్చే సి కేటగిరీ నెట్ లైసెన్సుతోని ఊర్ల ఫైబర్ నడిపేటోని దగ్గర ఉండేది మైక్రోటిక్ రౌటర్. దాంట్ల ఏం చేయొచ్చో చెప్త.

మొదటిది డీఎన్ఎస్, అంటే సైటు పేరు అడిగితే దాని అడ్రసు చెప్పేది. డొమైన్ పేరు అడిగితే "లేదు" అని జవాబు పెట్టి, మామూలు డీఎన్ఎస్ దారి అయిన పోర్ట్ 53 మీద పోయేదంత మన రౌటర్ వైపే మళ్లిస్తం. ఐదు నిమిషాల పని. కానీ బ్రౌజర్ల సెక్యూర్ డీఎన్ఎస్ పెట్టుకున్నోని అడుగుడు 443 (హెచ్‌టీటీపీఎస్, అంటే తాళం వేసిన వెబ్ ట్రాఫిక్ పోయే పోర్ట్) మీద మామూలు ట్రాఫిక్‌ల కలిసి పోతది, మనకు కనపడది. ఆండ్రాయిడ్ ప్రైవేట్ డీఎన్ఎస్ 853 మీద పోతది. దాన్ని మూస్తే ఆటోమేటిక్‌ల ఉన్న ఫోన్ మామూలు దారికి వస్తది. సర్వర్ పేరు కొట్టి పెట్టుకున్న ఫోనుకు మాత్రం నెట్టే బందైతది, ఆయన ఫోన్ చేసేది మనకే. పోనీ "కోర్టు ఆర్డరుతో ఆపినం" అని నోటీసు పేజీ చూపిద్దామంటే, సైటు హెచ్‌టీటీపీఎస్ కాబట్టి సర్టిఫికెట్ కలవదు. కస్టమర్‌కు ఎర్ర హెచ్చరిక వస్తది, మనమే ఏదో హ్యాక్ చేసినమనుకుంటడు.

రెండోది ఐపీ, అంటే సర్వర్ నంబరు ఆపుడు. ఈ సైట్లు చాన మట్టుకు క్లౌడ్‌ఫ్లేర్ (సైట్ల ముందు నిలబడి ట్రాఫిక్ దాటించే కంపెనీ) వెనకాల దాక్కుంటయి. ఒక్క ఐపీ మీద వేల సైట్లుంటయి. ఒక్క వాటా తాళం వెయ్యమంటే అపార్ట్‌మెంట్ గేటు మూసినట్టైతది.

మూడోది ఎస్ఎన్ఐ (కనెక్షన్ మొదట్ల బ్రౌజర్ బయటపెట్టే సైటు పేరు) చూసి ఆపుడు. మైక్రోటిక్‌ల టీఎల్ఎస్-హోస్ట్ అని రూల్ ఉన్నది. చెప్పినంత అల్క కాదు. ఫాస్ట్‌ట్రాక్ (రూళ్లు చూడకుండ ప్యాకెట్లను జల్ది దాటించే అడ్డదారి) ఆన్‌ల ఉంటే ఆ రూల్ దాకా ప్యాకెట్ రానే రాదు. ఎందుకంటే సైటు పేరు వచ్చేది కనెక్షన్ కుదిరినంక, ఫాస్ట్‌ట్రాక్ పట్టుకుపోయేది కుదిరిన కనెక్షన్లనే. 443 వరకు ఫాస్ట్‌ట్రాక్ తీసేస్తే సాయంత్రం ఏడు నుంచి పది దాకా సీపీయూ మీద బరువంత పడ్తది. క్విక్ అనే కొత్త కనెక్షన్ పద్ధతి అయితే యూడీపీ మీద పోతది, టీఎల్ఎస్-హోస్ట్ దాన్ని చూడనే చూడదు, యూడీపీ 443 వేరేగ మూయాలె. ఇంకొకటి. 2024 నుంచి క్రోమ్‌ల పోస్ట్-క్వాంటమ్ అనే కొత్త ఎన్‌క్రిప్షన్ కీ వచ్చింది, అదొక్కటే వెయ్యి బైట్ల పైన. దాంతోని క్లయింట్ హలో (సైటు పేరు మోసే మొదటి సందేశం) ఒక్క ప్యాకెట్‌ల పట్టక రెండైతున్నది. రెండు ముక్కలైతే ఈ రూల్ పేరు చదవలేదు.

ఇగ మీ ఇటలీ సంగతి. 2024 అక్టోబర్‌ల అదే పైరసీ షీల్డ్ గూగుల్ డ్రైవ్ డొమైన్‌ను ఆపింది. జనం ఫైళ్లు దించుకోలేకపోయిండ్రు. 30 నిమిషాల తొందరల అయ్యేది అదే.

దేవరకొండ_డేటా

వీపీఎన్ పెట్టుకునేటోనికి ఇవేవీ అడ్డం కావు. చర్చ వేస్ట్.

గద్వాల_బాల్కనీ

@దేవరకొండ_డేటా వీపీఎన్ పెట్టుకునేటోడు ఎట్లయినా చూస్తడు. మాకు కావాల్సింది ఆయన కాదు. గూగుల్‌ల బొమ్మ పేరు కొట్టి మొదటి లింకు నొక్కి చూసేటోడు. ఆయనకు సైటు తెరుచుకోకపోతే పదిమందిల ఇద్దరన్న హాలుకు రారా?

@మిర్యాలగూడ_ఓఎల్టీ డీఎన్ఎస్ ఐదు నిమిషాల పని అని మీరే రాసిండ్రు. ఐదు నిమిషాల పనికి 30 నిమిషాలు ఇస్తామంటే ఎందుకు కాదంటున్నరు? నా ప్రశ్న అదొక్కటే.

కోర్టు_చౌరస్తా_పాలమూరు

ఇక్కడ మూడు చట్టాలు కలిసిపోతున్నయి. విడదీసి చెప్తా.

ఐటీ చట్టం 69ఎ కింద ప్రభుత్వం సైటు ఆపమనొచ్చు. కానీ దేశ సార్వభౌమత్వం, భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలకే. కాపీరైట్ ఆ జాబితాలో లేదు. 48 గంటల పద్ధతి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద వచ్చింది. నెట్ కంపెనీలన్నీ కలిసి మొత్తం సైటును ఆపడమనేది మాత్రం ఎక్కువగా కోర్టు ఆర్డరుతోనే జరుగుతున్నది. ఆర్డరును టెలికాం శాఖ అందరికీ పంపుతుంది, ఆ శాఖ చెప్పినవి ఆపాలని లైసెన్సు షరతుల్లోనే ఉన్నది. అంటే "బాధ్యత పెట్టాల్నా" అనే ప్రశ్నకు సగం జవాబు ఇప్పటికే వచ్చేసింది.

2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు యూటీవీ సినిమా కంపెనీ కేసులో డైనమిక్ ఇంజంక్షన్ (పేరు మార్చినా వర్తించే నిషేధ ఉత్తర్వు) ఇచ్చింది. ఆపిన సైటు పేరులో ఒక అక్షరమో అంకెనో మార్చి మళ్లీ వస్తే కొత్త దావా వేయనక్కర లేదు. జాయింట్ రిజిస్ట్రార్ ముందు అఫిడవిట్ వేస్తే కొత్త పేరు జాబితాలో చేరుతుంది. అయితే అదే తీర్పు ఒక కొలత కూడా పెట్టింది. సైటు ముఖ్యంగా దొంగ సరుకు మీదనే నడిచేదై ఉండాలి. ఎక్కడో ఒక లింకు దొరికిందని సైటంతా మూయరాదు. 2023 ఆగస్టులో అదే కోర్టు డైనమిక్ ప్లస్ అని ఇంకో అడుగు వేసి, ముందుముందు తయారయ్యే సినిమాలకు కూడా రక్షణ ఇచ్చింది.

గడువు సంగతి. కాపీరైట్ నిబంధనలు 75 ప్రకారం లిఖిత ఫిర్యాదు అందిన 36 గంటల్లో చర్య తీసుకోవాలి. కోర్టు ఆర్డరు తేకపోతే 21 రోజుల తర్వాత మళ్లీ తెరవొచ్చు. ఇది కాపీరైట్ చట్టం 52(1)(సి) కింద వచ్చేది, లింకులు ఇచ్చేందుకు కాపీ తాత్కాలికంగా నిల్వ చేసినవాళ్లకు. తీగ మీద ఊరికే ప్రయాణించే డేటా 52(1)(బి) కిందికి వస్తుంది, అక్కడ ఈ ఫిర్యాదు పద్ధతి లేదు.

గద్వాల_బాల్కనీ

చూసిండ్రా? 36 గంటలని చట్టమే అంటున్నది. అదే 30 నిమిషాలు చేయమంటున్న.

కోర్టు_చౌరస్తా_పాలమూరు

అది నిల్వ చేసినవాళ్లకని ఇప్పుడే రాసిన అన్నా. తీగ వేసినవాళ్లకు కాదు.

మిర్యాలగూడ_ఓఎల్టీ

నా అసలు బాధ ఐదు నిమిషాలు కాదు, వచ్చే జాబితా. పీడీఎఫ్‌ల వస్తది, కొన్నిసార్లు స్కాన్ చేసిన కాగితం. కాపీ చేస్తే ఒకటి ఎల్ అయితది, సున్నా ఓ అయితది. ఒకే డొమైన్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతోని ఒకసారి, లేకుండ ఒకసారి ఉంటది. అది కూడ సర్దుకుంటం. కానీ అందుల డొమైన్లతోపాటు పూర్తి లింకులు వస్తయి, గూగుల్ డ్రైవ్ ఫైలు, టెలిగ్రామ్ ఛానల్. హెచ్‌టీటీపీఎస్‌ల నాకు కనపడేది హోస్ట్ పేరు దాకనే, స్లాష్ తర్వాత ఏమున్నదో కనపడది. ఆ ఒక్క ఫైలు ఆపాలంటే డ్రైవ్ మొత్తం ఆపాలె. కోచింగ్ సెంటర్ పిల్లల నోట్సు పోతయి, బిల్లింగ్ కాగితాలు పోతయి.

ఊహించి చెప్తలేను. 2012ల మద్రాస్ హైకోర్టు ఆర్డరు పట్టుకొని కంపెనీలు విమియో లాంటి వీడియో సైట్లను పూర్తిగ మూసినయి. జూన్‌ల కోర్టే "చెప్పిన లింకులు మాత్రమే" అని సరిచేయాల్సి వచ్చింది. 2017 ఆగస్టుల ఇంకో సినిమా పిటిషన్‌తోని ఇంటర్నెట్ ఆర్కైవ్ దేశమంతట ఆగింది, పాత పుస్తకాల లైబ్రరీ అది. 2022ల ఆస్ట్రియాల 11 క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలు మూస్తే సంబంధం లేని సైట్లెన్నో పోయినయి. 2025ల స్పెయిన్‌ల ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు అదే గతి.

జడ్చర్ల_జంక్షన్

థియేటర్ల దొంగతనం జరిగితే ఫైబర్ ఆపరేటర్‌ను పట్టుకునుడేంది? తీసేది మీ హాల్లనే కదా.

మిర్యాలగూడ_ఓఎల్టీ

అదే అడగాలె. డిజిటల్ సినిమా సర్వర్ బొమ్మల, సౌండ్‌ల కంటికి, చెవికి ఆనని గుర్తు వేస్తది. డీసీఐ (హాలీవుడ్ స్టూడియోలు పెట్టిన డిజిటల్ సినిమా ప్రమాణం) లెక్కల అది 35 బిట్లు. ఏ తెర, ఏ రోజు, ఏ పావుగంట అన్నీ దాంట్ల ఉంటయి. అయిదు నిమిషాల ముక్క దొరికితే చాలు, ఏ హాల్ల తీసిండ్రో బయటపడ్తది. 2023 చట్టంల శిక్ష మూడు నెలల నుంచి మూడేండ్లు, జరిమానా 3 లక్షల నుంచి నిర్మాణ ఖర్చుల 5 శాతం దాక. అంత గట్టి చట్టం మీ గేటు కాడ అక్కరకు రాదు గని, నా రౌటర్ మీదనే గుర్తొస్తదా?

గద్వాల_బాల్కనీ

మాటలు మర్యాదగ రానియ్యి తమ్మి. మార్నింగ్ షోల టార్చ్ పట్టుకొని వరుస వరుస తిరిగే మనిషికి జీతం ఇచ్చేది మేము. ఇయ్యాల హెచ్‌డీ ప్రింటు వచ్చేది హాలు నుంచి కాదు, ఓటీటీల పడ్డ రోజే దాంట్ల నుంచి తీస్తున్నరు. అప్పటికి మా దాంట్ల బొమ్మ దిగిపోయి ఉంటది. ఓటీటీకి పోయేదాక నాలుగు వారాలు ఆగమంటేనే కష్టమైతున్నది.

ఇగ మీ సంగతి మాట్లాడుదం. కేబుల్ ఉన్న కాలంల లోకల్ ఛానల్ల కొత్త బొమ్మ రాత్రి పది గంటలకు వేసింది ఎవరు? 1995 కేబుల్ టీవీ చట్టం ఉన్నా వేసిండ్రు. అదే కుటుంబాలు ఇయ్యాల ఫైబర్ నడుపుతున్నయి. కొన్ని ఊర్ల "లోకల్ సర్వర్ ఫ్రీ, డేటా లెక్కల రాదు" అని చెప్పి సినిమాల ఫోల్డరు పెట్టి కనెక్షన్లు అమ్ముతున్నరు. రౌటర్ రూలు కష్టమని చెప్పేటోళ్లకు సర్వర్ పెట్టుడు కష్టం కాలేదా?

సాగర్_ఎడమకాల్వ

ఇది నిజం. అందరికీ తెలుసు.

కోర్టు_చౌరస్తా_పాలమూరు

లోకల్ సర్వర్ పెట్టినవాళ్లకు ఐటీ చట్టం 79 రక్షణ లేదు. ఆ రక్షణ మధ్యవర్తికి, సరుకు తానే పెట్టినవాడికి కాదు. కాపీరైట్ చట్టం 63 కింద ఆరు నెలల నుంచి మూడేండ్ల జైలు. ఆ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే నేరుగా కేసు కట్టాలి. దానికి కొత్త బాధ్యత ఏదీ అవసరం లేదు.

మిర్యాలగూడ_ఓఎల్టీ

సర్వర్ పెట్టినోని మీద కేసు పెట్టుండ్రి, నేను సాక్షి సంతకం చేస్త. వాళ్ల వల్ల నిజాయితీగ నడిపేటోని కనెక్షన్లు పోతయి.

కానీ అన్నా, ఒక్క మాట సాఫ్‌గ చెప్పుండ్రి. తప్పు సైటు ఆగితే ఆ తప్పు ఎవరిది? డ్రైవ్ ఆగిన రోజు కస్టమర్ తిట్టేది నన్ను. తెల్లారి జియోకో ఎయిర్‌టెల్‌కో పోయేది నా కనెక్షన్. పెద్ద కంపెనీల ఎస్ఎన్ఐ చూసే డబ్బాలు, లీగల్ టీములు ఉన్నయి. 30 నిమిషాలంటే రాత్రి పదకొండుకు మెయిల్ చూసేటందుకు ఒక మనిషిని కూర్చోబెట్టాలె. ఆ జీతం ఎవరిస్తరు? జాబితా ఇచ్చినోడు సంతకం చేసి, తప్పైతే నష్టం నాదే అని రాసియ్యాలె. పేరు ఎప్పటిదాక ఆపాలో తారీఖు వెయ్యాలె. ఆ సైట్లు రోజుకో పేరు మారుస్తయి, వదిలేసిన డొమైన్‌ను రేపు ఇంకెవరో కొనుక్కుంటరు. నా రూల్ అట్లనే ఉంటది, ఆయన దుకాణం సైటు మన జిల్లల తెరుచుకోదు.

గద్వాల_బాల్కనీ

ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. మీకు సాంకేతిక ఇబ్బంది కాదు, నష్టం భయం. మాకు నష్టం భయం కాదు, ప్రతి శుక్రవారం జరుగుతున్న నష్టం. రెండిట్ల ఏది ముందు చూడాలె? మీది ఒక కనెక్షన్, మాది హాలు. హాలు మూతబడితే ఆ జాగల ఫంక్షన్ హాల్ లేస్తది, మళ్ల తెర రాదు.

సంతకం నిర్మాత పెట్టాలె. మేము ఎందుకు పెడ్తం? బొమ్మ హక్కు మాది కాదు కదా.

కోర్టు_చౌరస్తా_పాలమూరు

సివిల్ ప్రొసీజర్ కోడ్ 95 ఉన్నది. సరైన ఆధారం లేకుండా ఇంజంక్షన్ తెచ్చుకుంటే ప్రతివాదికి 50 వేల దాకా పరిహారం ఇప్పించొచ్చు. చిక్కేమిటంటే అది ప్రతివాదికే. ఈ దావాల్లో పెద్ద కంపెనీలే పేరుతో ప్రతివాదులు. చిన్న ఆపరేటర్‌కు ఆర్డరు టెలికాం శాఖ నుంచి చేరుతుంది, ఆయన పేరు కేసులోనే ఉండదు. ఆగిపోయిన దుకాణందారు పేరూ ఉండదు. పూచీ కావాలంటే ఇంజంక్షన్ ఇచ్చేటప్పుడే నిర్మాత దగ్గర అండర్‌టేకింగ్ (నష్టం వస్తే కడతానని రాతపూర్వక హామీ) తీసుకోమని కోర్టును అడగాలి.

దేవరకొండ_డేటా

నిర్మాతలు దీనికి ఒప్పుకుంటరా?

గద్వాల_బాల్కనీ

ఒప్పుకోరు. కానీ అది తేలేదాక ఆగితే ఇంకో పది శుక్రవారాలు పోతయి. డొమైన్లు మాత్రమే రాసిన ఆర్డరు వస్తే, పూచీ లేకపోయినా ఎంతసేపట్ల పెడ్తవు?

మిర్యాలగూడ_ఓఎల్టీ

కోర్టు నంబరు ఉండి, డొమైన్లు మాత్రమే ఉండి, టెక్స్ట్ ఫైల్‌గ వస్తే అదే పూట డీఎన్ఎస్‌ల పెడ్త. డ్రైవ్, టెలిగ్రామ్ లింకులున్న వరుసలు పెట్ట.

గద్వాల_బాల్కనీ

ఇప్పుడు సగం బొమ్మలు తిరిగేది టెలిగ్రామ్‌లనే.

మిర్యాలగూడ_ఓఎల్టీ

అయితే నోటీసు టెలిగ్రామ్‌కు పోవాలె. ఆ ఛానల్ తీసే బటన్ వాళ్ల దగ్గరున్నది, ఇండ్లకు ఫైబర్ పంచే నా ఓఎల్టీ డబ్బల లేదు.