వుల్ఫ్‌డాగ్ కోసం 6 అడుగుల కంచె, కరెంటు తీగ సరిపోతాయా?

కొండగాలి:

అందరికీ నమస్కారం. మేము కొలరాడోలో, ఊరికి కాస్త దూరంగా 5 ఎకరాల స్థలంలో ఉంటున్నాము. తోడేలు అంశ మధ్యస్థంగా ఉన్న ఒక ఆడ వుల్ఫ్‌డాగ్‌ను (తోడేలు, కుక్కల సంకరం) సంరక్షణ కేంద్రం నుంచి దత్తత తీసుకోవాలనుకుంటున్నాము. ఇంటి చుట్టూ ఉన్న 6 అడుగుల చెక్క కంచె చాలదని, 8 అడుగుల చైన్‌లింక్ (అల్లిన ఇనుప తీగల మెష్) ఆవరణ కట్టిన తరువాతే కుక్కను అప్పగిస్తామని వారు స్పష్టంగా చెప్పారు. కంచె కట్టే కాంట్రాక్టరు మాత్రం 11.5 గేజ్ (తీగ మందం కొలత) మెష్ వేసి, లోపల ఒక కరెంటు తీగ లాగితే 6 అడుగులతోనే సరిపెట్టవచ్చునంటున్నారు. రెండింటి ఖర్చుకూ చాలా తేడా ఉంది. ఎక్కడ పొదుపు చేయవచ్చో, ఎక్కడ చేయకూడదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఇనుపకంచె:

కొండగాలి గారూ, సంరక్షణ కేంద్రం వారు చెప్పినదే సరైనది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఇళ్ల చుట్టూ వేసే 11.5 గేజ్ మెష్‌ను ఈ జంతువు ఒకేచోట పళ్లతో పట్టి, రోజుల తరబడి లాగి విప్పగలదు. సుమారు 3.8 మిల్లీమీటర్ల మందం ఉండే 9 గేజ్ తీసుకోండి. మెష్‌ను స్తంభాలకు లోపలివైపునే బిగించమనండి. కుక్క ఎగిరి కంచె మీద పడినప్పుడు ఆ బరువును స్తంభాలు మోయాలి. మెష్ బయటివైపు ఉంటే బరువంతా కట్టుతీగల మీద పడి అవి ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. 8 అడుగుల పైన, 45 డిగ్రీల కోణంలో లోపలికి వంగిన కమ్ములు పెట్టి వాటికీ మెష్ కట్టిస్తే, పాకుతూ పైకి వచ్చిన కుక్కకు తలపై అడ్డు తగిలి దిగిపోతుంది.

అయితే ఎత్తు గురించి అడిగినంతగా నేల గురించి ఎవరూ అడగరు, అదే నాకు బాధగా ఉంటుంది. ఇవి తవ్వడంలో సాటిలేనివి. మెష్‌ను నిలువుగా భూమిలో పాతడం కన్నా, కంచె అడుగు నుంచి లోపలివైపుకు 3, 4 అడుగుల వెడల్పున నేలమీద పరచి, కంచెతో దగ్గర దగ్గరగా ఇనుప రింగులతో కలిపి, పైన మట్టీ రాళ్లూ కప్పడం మేలు. కుక్క సాధారణంగా కంచె మొదట్లోనే గోళ్లు వేస్తుంది, అక్కడ మెష్ తగులుతుంది. 4 అడుగులు వెనక్కి వచ్చి తవ్వాలన్న ఆలోచన దానికి అరుదుగా వస్తుంది.

గేటు ఒక్కటే పెట్టకండి. చిన్న గదిలాంటి చోటుకు అటూ ఇటూ రెండు గేట్లు ఉండాలి. వెనుకది మూసి గొళ్లెం పెట్టిన తరువాతే ముందుది తెరవాలి. లోపలి గేటు లోపలికే తెరుచుకుంటే కుక్క తోసినప్పుడు అది ఇంకా బిగుస్తుంది. ముక్కుతో గొళ్లెం పైకి ఎత్తడం ఇవి చూసి నేర్చుకుంటాయి కనుక తాళం తప్పనిసరి. గేటు కింద కాంక్రీటు పోయించండి.

మంచుపల్లె:

పై మాటలన్నింటితో ఏకీభవిస్తూ, కొలరాడో వాతావరణం గురించి చెప్పదలచాను. గాలికి మంచు కంచె వారగా 3 అడుగులు పేరుకుంటే 8 అడుగుల కంచె 5 అడుగులదే అవుతుంది, మీ కాంట్రాక్టరు చెప్పిన 6 అడుగులదైతే దాటేందుకు ఒక్క గెంతు చాలు. ఆ మంచును ఎప్పటికప్పుడు తోడేయవలసిందే. స్తంభాల గుంతలు చలికి నేల గడ్డకట్టే లోతుకన్నా కిందికి దిగకపోతే, నాలుగైదు శీతాకాలాలలో స్తంభాలు పైకి లేచి కంచె అడుగున సందు ఏర్పడుతుంది.

కరెంటు తీగను నమ్ముకుని ఎత్తు తగ్గించడం ప్రమాదకరం. తీగ తాకిన జంతువు గుండా కరెంటు నేలలోకి దిగి, భూమిలో పాతిన ఎర్త్ రాడ్ల ద్వారా, తీగకు కరెంటు పంపే యంత్రానికి తిరిగి చేరితేనే షాక్ తగులుతుంది. ఎండిన నేల మీదా పొడి మంచు మీదా ఆ దారి బలహీనపడుతుంది. భయపడిన కుక్క షాక్ తగిలినా ఆగదు. పైగా తోడేళ్ల జత కట్టే కాలం శీతాకాలం చివర వస్తుంది, ఆ నెలల్లోనే పెద్దవైన వుల్ఫ్‌డాగ్‌ల ప్రవర్తన ఎక్కువగా మారుతుంది. తీగ ఉండనివ్వండి, కానీ అది కంచెకు తోడుగానే ఉండాలి. కంచె దగ్గర చెట్టు, కుక్క గూడు, కట్టెల మోపు ఏదీ ఉండకూడదు.

కొండగాలి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. 9 గేజ్, రెండు గేట్లు ఖాయం చేస్తున్నాము. అయితే పొదుపు ఎక్కడ సాధ్యం?

ఇనుపకంచె:

వైశాల్యంలో. 5 ఎకరాలూ చుట్టనవసరం లేదు. సంరక్షణ కేంద్రం అడిగిన కనీస వైశాల్యానికి కాస్త ఎక్కువగా కట్టి, తరువాత పెంచుకోవచ్చు. మీ చెక్క కంచెను పీకించకండి, దానికి కనీసం 4 అడుగులు లోపలగా కొత్త ఆవరణ కడితే పాతదే బయటి కంచెగా పనికొస్తుంది. ఇది ఖర్చు మాట మాత్రమే కాదు. అమెరికాలో తోడేలు సంకరాల కోసం ఆమోదం పొందిన రేబిస్ టీకా లేదు. డాక్టరు కుక్కల టీకానే వేసినా, ఇరుగింటి పిల్లవాడు మెష్‌లో వేలు పెట్టి కాటు తగిలితే, అధికారులు దాన్ని టీకా లేని జంతువుగా పరిగణించి, రేబిస్ పరీక్ష కోసం దాని ప్రాణం తీయించే అవకాశం ఉంది. ఆ వేలు మెష్ దాకా రాకుండా ఆపేది ఆ చెక్క కంచే. మిషిగన్ వంటి రాష్ట్రాలలో కొత్తగా వుల్ఫ్‌డాగ్‌ను తెచ్చుకోవడమే నిషేధం. మీ కౌంటీ నిబంధనలేమిటో, ఇంటి బీమా దీన్ని ఒప్పుకుంటుందో లేదో కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.