మిర్యాలగూడ నుంచి ఐఐఎం ఐదేళ్ల కోర్సుకు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (మిర్యాలగూడ)

అందరికీ నమస్కారం. మా చెల్లె ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) ఫస్టియర్ అయిపోయి ఇప్పుడే సెకండియర్‌కి వచ్చింది. పదో తరగతి దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. లెక్కలు బాగా చేస్తుంది. మా నాన్న ఇక్కడే రైస్ మిల్లులో గుమాస్తా. ఇంటర్ తర్వాత నేరుగా ఐఐఎం అనే పెద్ద మేనేజ్‌మెంట్ సంస్థలో చేరే ఐదేళ్ల కోర్సు ఉందని ఎవరో చెప్పారట. అప్పటి నుంచి అదే పట్టు పట్టింది. హైదరాబాద్ హాస్టల్, కోచింగ్ రెండూ కలిపి పెట్టే శక్తి మాకు లేదు. ఇంట్లో ఉండి చదివితే అయ్యే పనేనా? రాకపోతే ఏడాది పోతుందని అమ్మకు టెన్షన్. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు (జడ్చర్ల)

తమ్ముడూ, నేను ఆ కోర్సే చదివాను. నాదీ తెలుగు మీడియమే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డిగ్రీ, ఎంబీఏ కలిపి ఉండే ఆ కోర్సును ఐపీఎం అంటారు. ఇండోర్ ఐఐఎం 2011లో మొదలుపెట్టింది. తర్వాత రోహ్‌తక్, రాంచీ, జమ్ము, బోధ్‌గయ ఐఐఎంలు కూడా పెట్టాయి. ఇండోర్ వాళ్ల పరీక్ష ఐపీమ్యాట్. జమ్ము, బోధ్‌గయ రెండింటికీ కలిపి ఎన్టీఏ (కేంద్రం పరీక్షల సంస్థ) పెట్టేది జిప్‌మ్యాట్. రోహ్‌తక్‌ది వేరే పరీక్ష. ఐపీమ్యాట్ స్కోరును రాంచీ ఐఐఎం, మన శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ, కాకినాడలోని ఐఐఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం నేర్పే సంస్థ) కూడా తీసుకుంటాయి. అయితే స్కోరు ఒకటే, అప్లికేషన్లు మాత్రం వేరు. ఇండోర్‌కి పెట్టాం కదా, మిగతావాళ్లే పిలుస్తారులే అని ఆగిపోయినవాళ్లు నా బ్యాచ్‌లోనే ఇద్దరున్నారు. ప్రతి దానికీ విడిగా అప్లై చేయాలి, విడిగా ఫీజు కట్టాలి.

ఇక అసలు విషయం. ఐపీమ్యాట్‌లో మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. రెండు భాగాలు లెక్కలు, ఒకటి ఇంగ్లిష్. లెక్కల్లో ఒక భాగానికి ఆప్షన్లు ఉండవు, వచ్చిన అంకె మనమే టైప్ చేయాలి. అక్కడ తప్పు రాసినా మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దని చెల్లెకి చెప్పు. మిగతా రెండింట్లో ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. అన్నిటికన్నా ముఖ్యం, ఏ భాగానికి ఆ భాగంలో కటాఫ్ దాటాలి. మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా ఒక్క భాగంలో తగ్గితే ఇంటర్వ్యూకి పిలుపు రాదు.

మొదటిసారి నాకు జరిగింది అదే. లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి, ఇంగ్లిష్‌లో కటాఫ్ దగ్గర ఆగిపోయాను. ఆ ఏడాదంతా నేను చేసిన తప్పు ఏమిటంటే, వచ్చిన లెక్కలే మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చున్నాను. లెక్క వస్తే సంతోషంగా ఉంటుంది, ఇంగ్లిష్ పేరా చదివితే ఏడుపొస్తుంది. అందుకని దాన్ని రేపటికి, ఎల్లుండికి తోసేశాను. మీ చెల్లె కూడా లెక్కల పిల్ల అంటున్నావు కాబట్టి ముందే చెప్తున్నాను.

రెండో ఏడాది రోజూ పొద్దున ఇంగ్లిష్ పేపర్‌లో ఒక సంపాదకీయం తీసుకునేదాన్ని. మొదట పైకి చదవడం, తర్వాత పేపర్ మూసి అందులో ఉన్న సంగతి మూడు వాక్యాల్లో సొంతంగా రాయడం. తెలియని మాట వస్తే అది ఉన్న వాక్యం మొత్తం నోట్‌బుక్‌లో ఎక్కించేదాన్ని, ఒంటరి మాటల పట్టిక కాదు. మొదటి రెండు నెలలు ఒక్క సంపాదకీయానికే గంట పట్టేది. నాలుగో నెలకి పదిహేను నిమిషాల్లో అయ్యేది. పేపర్ కొనే పని లేదు, లైబ్రరీకి వస్తుంది. పరీక్షలో పేరాలు చదివి జవాబివ్వడం, కలగాపులగంగా ఇచ్చిన వాక్యాలను వరసలో పెట్టడం, వ్యాకరణం, పదాలు ఉంటాయి. ఇవన్నీ చదవడం వల్ల వచ్చేవే. ముప్పై రోజుల్లో అయ్యే పని కాదు, పది నెలల్లో తప్పకుండా అవుతుంది.

లెక్కలకి పదో తరగతి పుస్తకం పాత పేపర్ల వాళ్లకి అమ్మేయలేదు కదా? అందులో సంవర్గమానాలు, సమితులు, శ్రేఢులు అన్నీ పనికొస్తాయి. ఫస్టియర్‌లో మాత్రికలు, ప్రమేయాలు, సెకండియర్ 2ఏలో వర్గ సమాసాలు, ప్రస్తారాలు సంయోగాలు, సంభావ్యత. ఇవి ఇంటర్ పరీక్షకీ కావాలి, అక్కడికీ కావాలి. శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలం-పని లాంటివి విడిగా చేయాలి. ఇంటర్‌లో లెక్క పూర్తి స్టెప్పులతో రాస్తాం, అక్కడ నిమిషంన్నరలో జవాబు తేలాలి. అందుకే వారానికి ఒక పాత ప్రశ్నపత్రం గడియారం పెట్టుకుని చేయాలి. డిసెంబర్ దాకా ఇలా నడిపి, జనవరి నుంచి మార్చి దాకా ఇంటర్ పరీక్షల మీదే ఉండి, పరీక్షలయ్యాక మళ్లీ పూర్తిగా దీని మీద కూర్చోవాలి. ఐపీమ్యాట్ మామూలుగా మే నెలలో ఉంటుంది. అప్లికేషన్ మాత్రం ఇంటర్ పరీక్షల హడావిడిలోనే వస్తుంది. ఆ తేదీ నువ్వు చూసుకో, చెల్లెకి వదిలేయకు.

జవాబు (నల్లగొండ, కామర్స్ లెక్చరర్)

జడ్చర్ల అమ్మాయి చక్కగా చెప్పింది. ఏడాది పోతుందన్న భయానికి నేను జవాబిస్తాను. పోదు. ఐపీమ్యాట్‌తో పాటు సీయూఈటీ (కేంద్ర యూనివర్సిటీల ఎంట్రెన్స్), దోస్త్ (మన రాష్ట్రంలో డిగ్రీ సీట్లకి ఆన్‌లైన్ అడ్మిషన్) రెండూ పక్కపక్కనే నడపాలి.

సీయూఈటీతో ఢిల్లీ యూనివర్సిటీలో బీఎంఎస్ అనే మేనేజ్‌మెంట్ డిగ్రీ చేయొచ్చు. రోహిణిలోని షహీద్ సుఖ్‌దేవ్ కాలేజీ ఆ కోర్సుకి పేరున్నది. దానికి సీయూఈటీలో ఇంగ్లిష్, మ్యాథ్స్, జనరల్ టెస్ట్ రాయాలి. ఇంటర్వ్యూ ఉండదు. ఐఐఎంతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. మీ ఇంటి పరిస్థితి చూస్తే నేనైతే దీన్ని రెండో మాటగా కాదు, ఐపీఎంతో సమానంగా చూస్తాను.

దోస్త్ 2016 నుంచి ఉంది, మన రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఎక్కువగా దాని ద్వారానే. ఇంటర్ మార్కులే ఆధారం. నిజాం కాలేజీ బీబీఏకి పోటీ గట్టిగా ఉంటుంది, కాబట్టి ఎంట్రెన్స్ పేరు చెప్పి ఇంటర్ మార్కులు తగ్గించుకోవద్దు. వెబ్ ఆప్షన్లలో మొదటివి మూడు ఆశకొద్దీ పెట్టండి, తర్వాత మన మహాత్మా గాంధీ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలు కూడా పెట్టండి. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని మనమే నమోదు చేయడం) చేయకపోతే ఆ సీటు పోతుంది. ఏటా నా దగ్గరికి ఇలా పోగొట్టుకున్న పిల్లలు వస్తారు, అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు. 2024-25 నుంచి బీబీఏ కోర్సుకి ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) అనుమతి ఉండాలి. ప్రైవేటు కాలేజీ అయితే అది అడిగి చూసుకోండి.

ప్రశ్న (వనపర్తి)

సార్, మా అమ్మాయి సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్). తనకి కూడా ఢిల్లీ బీఎంఎస్ కుదురుతుందా?

జవాబు (నల్లగొండ, కామర్స్ లెక్చరర్)

కుదరదమ్మా. ఇంటర్‌లో మ్యాథ్స్ చదివి ఉండాలి. ఐపీమ్యాట్‌కి మాత్రం ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు, లెక్కలు సొంతంగా నేర్చుకోవాలి. పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులు ఇది చదువుతుంటే, మేనేజ్‌మెంట్ చదివించే ఆలోచన ఉంటే సీఈసీ, ఎంఈసీ మధ్య తేడా ఇప్పుడే ఆలోచించండి. తర్వాత మార్చడానికి ఉండదు.

జవాబు (అచ్చంపేట)

సర్టిఫికెట్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. మా తమ్ముడికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మా దగ్గర ఉన్నది రాష్ట్రం ఇచ్చే బీసీ కుల సర్టిఫికెట్. అక్కడ అడిగింది కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్, అంటే బీసీల్లో ఆదాయ పరిమితి దాటనివాళ్లకిచ్చేది. అప్పటికప్పుడు దరఖాస్తు పెడితే ఆఫీసులో కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి కదలడానికే మూడు వారాలు పట్టింది. గడువు దాటిపోయి వాడు జనరల్‌లోకి వెళ్లాడు, సీటు రాలేదు. ఇప్పటికీ బాధగానే ఉంది.

మీరు బీసీ అయితే ముందుగా మీ కులం కేంద్రం జాబితాలో ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే రాష్ట్రం జాబితాలో ఉన్నవన్నీ అందులో లేవు. ఆదాయ పరిమితి 8 లక్షలు. జీతం, వ్యవసాయ ఆదాయం ఆ లెక్కలోకి రావు. ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే అడుగుతారు. ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవలో పెట్టేయండి. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో పేదలకిచ్చేది) అయినా ఏ సంవత్సరానిది ఆ సంవత్సరమే.

ప్రశ్న (మిర్యాలగూడ)

అక్కా, సార్, అచ్చంపేట అన్నా, అందరికీ చాలా థాంక్స్. చెల్లెకి చదివి వినిపించాను. పదో తరగతి లెక్కల పుస్తకం అటక మీద దొరికింది. ఇంకో రెండు డౌట్లు. ఒకవేళ ఐపీఎం వస్తే డబ్బు ఎలా? ఇంకోటి, ఇంటర్వ్యూలో తెలుగు మీడియం పిల్లని ఏం అడుగుతారని భయపడుతోంది.

జవాబు (జడ్చర్ల)

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను. ఇండోర్‌లో ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 5 లక్షలు దాటుతుంది. మూడేళ్లకి డిగ్రీ తీసుకుని బయటికి వచ్చే వీలుంది. 2024 నవంబర్‌లో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకం తెచ్చింది. ర్యాంకింగుల్లో ముందున్న సంస్థల్లో సీటొస్తే పొలం, ఇల్లు తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా లోన్ ఇస్తారు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ. సంస్థ సొంత స్కాలర్‌షిప్పులు కూడా ఉంటాయి, చేరిన మొదటి వారంలోనే అడగాలి. అయినా అది అప్పే. నాన్నతో కూర్చుని లెక్క వేశాకే నిర్ణయం తీసుకోండి. ఢిల్లీ బీఎంఎస్ వస్తే దాన్ని ఎంచుకోవడంలో ఏ లోటూ లేదు.

ఇంటర్వ్యూలో నన్ను మా ఊరి గురించే ఎక్కువ అడిగారు. పాలమూరు నుంచి జనం ఎందుకు వలస పోయేవాళ్లు, నీళ్లు వస్తే ఏం మారుతుంది అని. నా ఇంగ్లిష్ తడబడింది, కానీ చెప్పే విషయం నాకు తెలుసు కాబట్టి ఆగకుండా చెప్పాను. మీ చెల్లె మిర్యాలగూడలో మిల్లు గుమాస్తా బిడ్డ. క్వింటాల్ వడ్లు మరపడితే బియ్యం ఎంత, నూక ఎంత, తవుడు ఎవరు కొంటారు, సర్కారు వడ్లు మరపట్టి ఇస్తే మిల్లుకి మిగిలేది ఏమిటి, సాగర్ నీళ్లు ఆలస్యమైతే మిల్లులో ఏం జరుగుతుంది. ఇవన్నీ నాన్నని అడిగి తెలుసుకోమను. ఒక ఆదివారం మిల్లుకి తీసుకెళ్లు. ఇంటికొచ్చాక అదే సంగతి ఇంగ్లిష్‌లో నీకు చెప్పమను. తప్పులు పట్టకు, చివరిదాకా విను.