‘అద్దం పట్టేసింది’: ఇందులో కర్త ఏది?

మిత్రులారా, ‘మెడ పట్టేసింది’ అనే వాక్యంలో కర్త ఏదని పోయిన వారం ఇక్కడ చర్చ జరిగింది. మెడే కర్త అని కొందరు, కాదని కొందరు అన్నారు. ఆ రోజు నాకేమీ తోచలేదు. నిన్న కారు మెకానిక్ దగ్గర తోచింది.

మాది 18 ఏళ్ల కారు. ఎడమవైపు ముందు తలుపు అద్దం సగం దిగి ఆగిపోయింది. స్విచ్చి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మొదట చూపించిన చోట తలుపు విప్పి చూడకుండానే ‘మోటారు పోయింది, మార్చాలి’ అన్నారు. నమ్మబుద్ధి కాక మా వీధి చివర పని చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పనిముట్ల జోలికే పోలేదు. ఇంజను ఆపించి, తాళం తిప్పి ఉంచమని, లోపలి లైటు వేయమన్నారు. అరచేయి తలుపుకు ఆనించి ‘ఇప్పుడు నొక్కండి’ అన్నారు. నొక్కినప్పుడల్లా లైటు కాస్త మసకబారింది, వదలగానే మళ్లీ తేరుకుంది.

‘పోలేదండీ, పట్టేసింది’ అన్నారాయన.

ఈ రెండు క్రియల మధ్య తేడా ఎంత పెద్దదో అక్కడే తెలిసింది. లైటు మసకబారిందంటే మోటారు కరెంటు లాగుతోందని అర్థం. తిరగలేక నిలిచిపోయిన మోటారు, మామూలుగా తిరిగేదానికన్నా చాలా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆ భారానికి బ్యాటరీ వోల్టేజి కొద్దిగా పడిపోతుంది. అంటే ఫ్యూజు, స్విచ్చి, వైర్లు తమ పని తాము చేస్తున్నాయి. లైటు చలించకపోతే కథ వేరు. అప్పుడు ఫ్యూజు చూడాలి, స్విచ్చి చూడాలి, తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు తొడుగులో ఏళ్ల తరబడి వంగి వంగి విరిగే వైర్లను చూడాలి, మోటారులో కార్బన్లు (తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు) అరిగాయేమో చూడాలి.

మెకానిక్కుల మాటలు గమనించండి: ఫ్యూజు కాలిపోయింది, వైరు తెగిపోయింది, కార్బన్లు అరిగిపోయాయి, క్లిప్పు విరిగి అద్దం జారిపోయింది. అన్నిటికీ ‘పోవు’ వచ్చి చేరింది. దానంతట అదే జరిగిన నష్టానికి మనం ఎక్కువగా వాడే సహాయక క్రియ అది. ‘పట్టేసింది’ ఒక్కదానిలో ‘వేయు’ ఉంది. తినేశాడు, రాసేసింది, మూసేశారు అన్నట్టు, చాలావరకు చేసేవాళ్లు ఉన్న పనులకు వచ్చే క్రియ. ‘పట్టు’ కూడా సకర్మకమే. కాబట్టి ఏదో ఒకటి అద్దాన్ని పట్టుకుని ఉండాలి. వాక్యంలో దాని పేరు లేదు, అంతే. ‘సమాజానికి అద్దం పట్టింది’ అన్నప్పుడు కూడా అద్దం కర్మే కదా!

పెద్దాయన ఆ తరువాత చేసినదంతా ఆ పేరు వెతకడమే. తలుపు లోపలి ప్యాడ్ ఊడదీసి, అద్దాన్ని ఎత్తే మెషిన్ నుంచి అద్దాన్ని విడదీశారు. స్విచ్చి నొక్కితే మోటారు హాయిగా తిరిగింది. అద్దాన్ని చేత్తో లాగితే కదలలేదు. అంటే పట్టింది మోటారు కాదు, అద్దం జారే రబ్బరు గాడి. అందులోకి వేలు పెట్టి చూపించారు. మఖమల్ లాంటి నూగు ఎక్కడా మిగలలేదు, రబ్బరు చెక్కలా గట్టిపడింది, అడుగున నల్లటి మట్టి అట్టకట్టింది. గుడ్డ చుట్టిన చదును స్క్రూడ్రైవరుతో గాడి పొడవునా తోడి, సిలికాన్ స్ప్రే కొట్టారు. కొబ్బరినూనె రాస్తే సరిపోదా అని అడిగితే వద్దన్నారు. నూనె దుమ్మును పట్టి ఉంచుతుందట. మళ్లీ ‘పట్టు’!

అద్దం మెల్లగా పైకి లేచినప్పుడు ఆయన అన్నది ఒకటే మాట: ‘వదిలింది.’

కాబట్టి నా వాదన: ‘మెడ పట్టేసింది’లో మెడ కర్త కాదు, కర్మ. ‘మెడను’ అనవలసిన చోట ‘ను’ లోపించింది.

వ్యాఖ్య: వాదన బాగుంది కానీ ఒప్పుకోలేను. ‘కాళ్లు పట్టేశాయి’ అంటాం, ‘కాళ్లు పట్టేసింది’ అనం. క్రియ కాళ్లతోనే కుదురుతోంది కదండీ. మరి కాళ్లు కర్మ ఎలా అవుతాయి?

జవాబు: మీరన్నది నిజం. ‘ను’ లోపించిందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాత్రంతా ఆలోచిస్తే ఈ వాక్యం దొరికింది: ‘మేకులు తుప్పు పట్టాయి.’ ఇక్కడా క్రియ మేకులతోనే కుదిరింది, కానీ పట్టినది తుప్పు. ‘రొట్టెలు బూజు పట్టాయి’ కూడా అంతే. బాధ పడేది కర్త స్థానంలో కూర్చుంటుంది, పట్టే వస్తువు దానికీ క్రియకూ మధ్య నిలబడుతుంది. ‘కాళ్లు పట్టేశాయి’, ‘అద్దం పట్టేసింది’ ఆ అచ్చులోనివే అనుకుంటున్నాను, మధ్య గడి మాత్రం ఖాళీ. మా కారు విషయంలో ఆ గడిలో రాయవలసిన మాట మట్టి. మెడ విషయంలో ఏది రాయాలో వైద్యులైన సభ్యులు చెప్పాలి.