ఆపరేషన్ అయిన కుక్కకి నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెట్టడం సబబేనా?

పింకీ వాళ్ళమ్మ
మా లాబ్రడార్‌కి వెనకకాలి మోకాలి లిగమెంట్ తెగితే, ఎముక కోసి ప్లేటు బిగించే ఆపరేషన్ చేయించాం. మొదట్లో మత్తుగా పడుకునేది. ఇప్పుడు రాత్రయితే చాలు రొప్పడం, క్రేట్ (దాని బోను) ఊచలు కొరకడం. నిన్న మా చిన్నాడు దుప్పటి సర్దబోతే గుర్రుమంది! ఎవరి మీదా ఎప్పుడూ గుర్రుమనని పిల్ల అది. ఎముక అతుక్కునే దాకా, ఓ ఎనిమిది వారాలు, గెంతనివ్వొద్దన్నారు. కుదురుగా ఉండటానికి డాక్టర్ గారు ట్రాజోడోన్ రాశారు. మా ఆయనేమో "నోరులేని దాన్ని మత్తులో పడేస్తావా, గట్టిగా ఓ కేకేస్తే అదే దారికొస్తుంది" అంటారు. మాత్ర ఇవ్వాలనే ఉంది, చెయ్యి రావట్లేదు. మీరేమంటారు?

పాతకాపు
కేకలు వద్దు, మాత్రా వద్దు. ఇప్పుడు ప్రతిదానికీ మాత్రే అయిపోయింది. మా పాత కుక్కకి కాలు విరిగితే ఏ మాత్రా లేకుండానే నయమైంది. ఓ మూల కట్టేశాం, కిమ్మనకుండా పడుంది. మీ పింకీకి షికారు లేక విసుగు, అంతే. పాత గుడ్డలో బిస్కెట్లు చుట్టి వెతుక్కోమనండి. కూర్చున్నచోటే ముక్కుకి పని దొరుకుతుంది.

కుట్లూ కోనూ
పాతకాపు గారూ, కిమ్మనకుండా పడుంటే నొప్పి లేనట్టు కాదండీ. పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి చెబుతున్నా, ఎక్కువ నొప్పి ఉన్న కుక్కల్లో చాలావాటికి నోరే లేవదు. కొన్ని పడుకోనే పడుకోవు. కూర్చునే కునుకు తీస్తాయి, తల వాలిపోతుంటే ఉలిక్కిపడి మళ్ళీ నిలబెట్టుకుంటాయి. చూసేవాళ్ళు "ఎంత బుద్ధిగా కూర్చుందో" అనుకుంటారు.

గ్లాస్గో యూనివర్సిటీ వాళ్ళు కుక్కల నొప్పి కొలవడానికి ఒక స్కేల్ తయారుచేశారు. మొత్తం 24 మార్కులు. 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నొప్పి మందు సంగతి చూడాలి. నడిపించకూడని కుక్కకైతే 20కి 5. అందులో అడిగేవన్నీ దాదాపు ప్రవర్తన గురించే: మూలుగుతోందా, గాయం వైపు తిరిగి చూస్తోందా, చుట్టూ నెమ్మదిగా నొక్కితే ఏం చేస్తోంది, మనుషుల్ని పట్టించుకుంటోందా.

పింకీ వాళ్ళమ్మ గారూ, మీరు చెప్పిన రొప్పడం, గుర్రుమనడం చూస్తే నాకు ముందు నొప్పే అనుమానం. ట్రాజోడోన్ ఆందోళన తగ్గిస్తుంది కానీ నొప్పి తగ్గించదు. నొప్పి మందు సరిపడా పడకుండా దాన్నొక్కదాన్నే ఇస్తే కుక్క సద్దుమణుగుతుంది, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. అసలు నొప్పి మాత్రలు ఇంకా ఇస్తున్నారా, ఆపేశారా?

రాత్రి డ్యూటీ
నేను మాత్ర వైపే. క్రేట్‌లోంచి దూకి ప్లేటు కదిలిందంటే రెండో ఆపరేషన్. పాపం ఏది, మత్తా? మళ్ళీ కోయించడమా? 2014లో అమెరికాలో ఇలాంటి కుక్కలకే ట్రాజోడోన్ ఇచ్చి చూస్తే ఎక్కువమంది యజమానులు బాగా పనిచేసిందన్నారు.

పాతకాపు
ఆ ముక్క నేనూ చదివాను. పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్న కుక్కలు అందులో లేవు కదా? తర్వాత అలా పోల్చి చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అది కూడా రాయాలి.

కుట్లూ కోనూ
నిజమే, ఒప్పుకుంటా. కానీ తేడా రాలేదు కాబట్టి ఏ కుక్కకీ పనిచేయదని కాదు. నా చేతుల మీదుగా వెళ్ళిన వాటిలో కొన్ని హాయిగా పడుకున్నాయి, కొన్ని ఉల్టా మరింత చిరాకుపడ్డాయి. మొదటి మోతాదు మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఇమ్మనేది అందుకే. ఒకవేళ ట్రమడాల్ అనే నొప్పి మాత్ర కూడా రాసి ఉంటే డాక్టర్‌కి గుర్తుచేయండి, రెండూ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మోతాదు మించే ప్రమాదం ఉంది. ఇంకోటి, మన నొప్పి మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయకండి. ఐబుప్రొఫెన్‌తో కడుపులో పుళ్ళు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

తోకచుక్క
కుట్లు నాకకుండా మెడకి తగిలించే గరాటా, అదే కోన్, దాని సంగతి ఎవరూ ఎత్తరేం? అది తగిలిస్తే పక్క చూపు పోతుంది, వెనక ఎవరొస్తున్నారో తెలీదు. పిల్లాడు పక్కనుంచి చెయ్యి పెడితే ఏ కుక్కైనా ఉలిక్కిపడుతుంది. 2020లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు కుక్కల, పిల్లుల యజమానుల్ని అడిగితే నాలుగింట మూడొంతుల మంది కోన్ వల్ల వాటి బతుకు కష్టమైందనే చెప్పారు. అలాగని తీసి పారేయమనట్లేదు, కుట్లు నాకిందంటే అది వేరే కథ. ముందువైపు నుంచి పిలుస్తూ వెళ్ళమని బాబుకి చెప్పండి.

గుర్రుమన్నందుకు కేకలేయడం మాత్రం అస్సలు వద్దండీ. అది హెచ్చరిక. దాని కన్నా ముందే చెవులు వెనక్కి వాలి ఉంటాయి, మూతి నాకి ఉంటుంది, కంటి తెలుపు కనబడి ఉంటుంది. గుర్రుమంటే దెబ్బలు పడతాయని నేర్చుకున్న కుక్క ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

పింకీ వాళ్ళమ్మ
అందరికీ థాంక్స్. నొప్పి మాత్రల కోర్సు అయిపోయిందని ఆపేశాం, చిరాకు మొదలైంది కూడా ఆ తర్వాతే. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఓసారి కాలు చూస్తానని తీసుకురమ్మన్నారు. ప్లేటు బాగానే ఉందట. ఆపేసిన నొప్పి మాత్ర కార్‌ప్రొఫెన్ మళ్ళీ మొదలుపెట్టి, నొప్పికే గాబాపెంటిన్ అనే ఇంకో మందు కలిపారు. ట్రాజోడోన్ ఇంకా ఇవ్వలేదు.

కుట్లూ కోనూ
మంచి పని. గాబాపెంటిన్ క్యాప్సూల్ అయితే ఫర్వాలేదు. మనుషులకిచ్చే సిరప్ అయితే లేబుల్ చదవండి, కొన్నిటిలో తీపికి జైలిటాల్ కలుపుతారు, కుక్కకి అది విషం. కార్‌ప్రొఫెన్‌తో వాంతులైనా, విరేచనం నల్లగా వచ్చినా ఆపేసి వెంటనే ఫోన్ చేయండి.

పాతకాపు
రెండు మందులు ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది? అందులోనూ గాబాపెంటిన్ కూడా మత్తే కదా. తూలుతూ నడిచే కుక్కను చూసి కుదుటపడిందని సంబరపడతారేమోనని నా బాధ.

కుట్లూ కోనూ
ఆ మాట సబబే. అందుకే ఎంతసేపు పడుకుందో కాదు, ఎలా పడుకుందో చూడమంటాను. కాలు చాపి పక్కకి ఒరిగిందా, పిలిస్తే తోక ఆడిస్తోందా, గిన్నె దగ్గరికి తనంతట తనే లేచి వెళుతోందా, మోకాలి దగ్గర చెయ్యి పెడితే తల తిప్పడం మానేసిందా? అవన్నీ బాగుండి, రాత్రి క్రేట్ గోల మాత్రమే మిగిలిందనుకోండి, అప్పుడు ట్రాజోడోన్‌కి నేనూ ఓటేస్తా.

పాతకాపు
అప్పటికీ నేను వెయ్యను. కానీ మీరు చెప్పిన వరస బాగుంది.

పింకీ వాళ్ళమ్మ
సరేనండీ, ముందు ఈ వారం అలాగే చూస్తాం. కోన్ బదులు గుడ్డ చొక్కా తొడగొచ్చా? మోకాలి దాకా వచ్చేవి ఎవరైనా వాడారా?